చెప్పులు విప్పి ఎక్కే గుట్ట

మొన్న ఎయిర్‌పోర్టుకు వెళ్లి, ఎన్నడూ చూడని ఒక జర్మనీ పిల్లను తీసుకొచ్చాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, షాద్‌నగర్ ఫ్యాక్టరీ వాళ్లు మెషీన్ పని నేర్చుకురమ్మని ఆ దేశం పంపినప్పుడు, ఓడెన్‌వాల్డ్ అనే కొండల కింద నేను కిరాయికున్న ఇంటి పెద్దావిడ మనవరాలు ఆ పిల్ల. మా నానమ్మకు మీరు చూపిస్తానన్న గుట్ట నాకు చూపించండని ముందే రాసింది. అప్పటినుంచీ నాకు సరిగ్గా నిద్రపడితే ఒట్టు.

ఆ కొండలు మన గుట్టల్లా బోడివి కావు. ఆకాశం కనబడనంత దట్టంగా బీచ్ అనే పెద్ద అడవి చెట్లు, పొద్దున్నే పొగమంచు, ఎటు విన్నా సెలయేటి చప్పుడు. చలికీ, ఉడకబెట్టిన ఆలుగడ్డలకీ ప్రాణం విసిగి, ఎప్పుడు ఇంటికి పోతానా అని ఉన్న నన్ను ఒక ఆదివారం ఆవిడ వాటి మీదికి తీసుకుపోయింది. చెట్ల మధ్య మలుపు తిరిగానో లేదో, అబ్బ, ఏం చెప్పను! వాలు పొడవునా, పైనుంచి కిందిదాకా ఏనుగంతేసి బండలు, ఒకదాని మీద ఒకటి. ఇద్దరు రాక్షసులు కొట్లాడి విసురుకున్న రాళ్లని ఆవిడ చెబుతుంటే, మా ఊరి గుట్ట మీదివి భీముడు ఆడి వదిలేసిన గోళీలని మా అవ్వ చెప్పిన మాట గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంకేముంది, ఇంటికొచ్చినట్టే అనిపించి బూట్లూ మేజోళ్లూ విప్పేశాను. సీతాఫలాల కోసం గుట్ట ఎక్కినప్పుడల్లా మా బాపు, "చెప్పులిడువు బిడ్డా, కాలికి బండ తెల్వాలె, అప్పుడే జారవు" అనేవాడు. మన బండలు ఎండకు కాగి, గరుకుగా పాదాన్ని పట్టుకుంటాయి. అక్కడివి నాచు పట్టిన తడి బండలని నాకేం తెలుసు? సర్రున జారి ఆవిడ కాళ్ల దగ్గర పడ్డాను. ఆవిడ ముందు హడలిపోయి, తర్వాత కడుపు పట్టుకుని నవ్వి, నా మోకాలు తుడిచింది. మా గుట్ట మీదైతే జారను, వచ్చి చూడండని రోషంగా అన్నాను. పాపం, ఆవిడ రాకుండానే పోయింది.

ఇప్పుడా గుట్ట ఏదీ? ఎయిర్‌పోర్టు వచ్చాక రోడ్లకని, వెంచర్లకని పేల్చి కంకర చేశారు. కారులో ఆ పిల్లకు ఈ సంగతి సిగ్గుపడుతూనే చెప్పేశాను. అయినా పోదాం పదండంది. గుట్ట ఉన్నచోట లేచిన అపార్ట్‌మెంట్ల లాన్‌లో, అందానికని మిగిల్చిన ఒకే ఒక్క బండ, చుట్టూ లైట్లతో ఉంది. వాచ్‌మన్ "సార్, గట్ల ఎక్కొద్దు, జర దిగమనుండ్రి" అంటున్నా వినకుండా, ఆ పిల్ల బూట్లు విప్పి బండెక్కి నిలబడింది. ఇక్కడ చెప్పులు విప్పితే జారరని నానమ్మ చెప్పిందట.

వాళ్ల బండలు ఎక్కడివక్కడే ఉన్నాయని, రాయి కదపనివ్వరని కూడా చెప్పింది. నేనూ చెప్పులు విప్పి పక్కన నిలబడ్డాను. కాగిన బండ, బాపు చెప్పినట్టే, పాదాన్ని పట్టుకుంది. ఊరి గొర్రెలన్నీ ఎక్కినా ఇంకా చోటుండే మా గుట్ట, ఇద్దరం నిలబడేసరికి నిండిపోయింది.