ముర్రుపాలు

అప్పుడు నాకు ఎనిమిదో నెల. ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో మా ఇంటి వెనక మేం పెంచే పంది ఏడు పిల్లల్ని ఈనింది.

"ముర్రుపాలు అరగవమ్మా, కడుపు పాడైపోద్ది. రేపటిదాకా పంచదార నీళ్లే పట్టు" అంది మా అత్త.

పిల్లల్ని బుట్టలో వేసి వంటింట్లో పెట్టినాను. ఒక్కటి మాత్రం గడ్డిలో నాకు కనపడక, తల్లి దగ్గరే ఉండిపోయి పాలు తాగింది. తల్లి రోజంతా దొడ్డి తలుపుని పొడుస్తూనే ఉంది. మర్నాడు తెచ్చి వదిలినా, ఆ ఆరింటికీ తెల్ల విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగు రోజుల్లో ఆరూ చచ్చిపోయినాయి.

తరవాతి నెల నాకు పాప పుట్టింది. అత్త పంచదార నీళ్ల గిన్నె, చెంచా పట్టుకుని మంచం దగ్గరకొచ్చింది. పాపని గుండెకి అదుముకుని వద్దన్నాను.

"ఏటే? నా నలుగురు పిల్లలకీ ఇవే పట్టినాను" అంది.

ఆ నలుగురిలో బతికింది మా ఆయన ఒక్కడే.