ముద్దనూరు దగ్గర ఆగిన శ్లోకం

బతికున్న మనిషిని ఊరేగించి, దారిన పోయేవాళ్ల చేత కడసారి దండం పెట్టించిన ఘనత ప్రొద్దుటూరులో ఎవరికైనా ఉందంటే అది నాకే. ఆ మనిషి మా మేనమామ ఓబుళరెడ్డి. నాకు చెడ్డ ఉద్దేశం లేదు. ఉండి ఉంటే పని ఇంత చక్కగా జరిగేది కాదు.

మామ గుండెకు ఆపరేషన్ చెయ్యాలని, ఆలస్యమైతే మనిషి దక్కడని డాక్టర్లు చెప్పారు. కత్తి మాటెత్తితేనే మామకు వణుకు. అత్త ఏడ్చి, అలిగి, అన్నం మానేసి చివరికి ఒప్పించింది. ఆయన షరతు ఒకటే. ముందు పులివెందుల దాటి గండి ఆంజనేయస్వామిని చూడాలి, అటునుంచి అటే ఆసుపత్రికి పోవాలి.

నేనప్పుడు మా వీధి కల్యాణమండపంలో సంస్కృత శ్లోకాల తరగతికి పోయేవాణ్ణి. పోటీలో శాలువా కూడా కప్పారు. శాలువా కప్పించుకున్న కుర్రాడు ఎంత ప్రమాదమో మీకు తెలియనిది కాదు. నాకు నోటికి వచ్చినవి యుద్ధభూమిలో దేవుడు చెప్పిన శ్లోకాలు మాత్రమే. ఆ పుస్తకం పేరు రాయను. రాస్తే మీరు కూడా "అయ్యో, ఎవరింట్లో?" అంటారు. బతికున్నవాళ్ల భయం తీర్చడానికి చెప్పిన మాటల్ని మనవాళ్లు శవం పక్కన స్పీకరు పెట్టి వినిపిస్తారు కదా! నాకు ఆ సంగతి తెలియక కాదు. అది తప్పని మా గురువుగారు తరగతిలో చెప్పారు కాబట్టి, లోకం మొత్తం ఆ పూటే మారిపోయి ఉంటుందనుకున్నాను.

ఖాదర్ అనే అతని వ్యాను మాట్లాడుకున్నాం. తెల్ల బండి. ఎన్నికల ప్రచారానికి తిరిగినప్పటి మైకు గొట్టం పైన అలాగే ఉంది. తీర్థయాత్ర కదా అని అత్త ముందువైపు బంతిపూల దండలు కట్టించింది. ఇక తక్కువైంది నేనొక్కణ్ణే.

జమ్మలమడుగు దాటాక ముందు సీట్లో మామ రెండు చేతులతో సీటు అంచు గట్టిగా పట్టుకోవడం చూశాను. చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిప్పిన చేతులవి. ధైర్యం చెబుదామని మైకు అందుకుని, నాకొచ్చిన శ్లోకాలు చదువుతానన్నాను.

"అవి వద్దప్పా. ఆంజనేయసామివి ఏమన్నా సదువు" అన్నాడు ఖాదర్.

"నువ్వు బండి తోలు ఖాదరూ. అర్థం తెలీకనే జనాలు భయపడతాండారు."

కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. శ్రుతి ఏనాడూ అంత బాగా కుదరలేదు. ముద్దనూరు దగ్గర జనం అడ్డమొచ్చి బండి నెమ్మదించింది. కళ్లు తెరిచి చూస్తే టీ అంగడి ముందు మనుషులు లేచి నిలబడ్డారు. తలగుడ్డలు తీశారు. ఒకావిడ దండం పెట్టి కళ్లొత్తుకుంది. నా గాత్రానికి ఇంత మర్యాదా అని గొంతు ఇంకా పెంచాను.

ఒక పెద్దాయన మామ కిటికీ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "ఎవురప్పా పోయినారు?"

మామ ఆయనకేసి చూసి, "నేనే" అన్నాడు.

పెద్దాయన చెప్పులు వదిలేసి మరీ వెనక్కి జరిగాడు. అత్త నా వీపు మీద ఒక్కటి వేసి, "నీ నోరు పడిపోను! మూయిరా!" అంది. మైకు నా చేతిలోనే ఉంది కాబట్టి ఆ ఆశీర్వాదం ముద్దనూరంతా విన్నది.

"బండి తిప్పు ఖాదరూ" అన్నాడు మామ. "సామి ఈడనే సెప్పేసినాడు. ఆపరేషనూ వద్దు, ఏమీ వద్దు. ఇంటికి పోయి పండుకుంటా."

అత్త ఎంత బతిమాలినా వినలేదు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయనకేమన్నా అయితే చంపింది నేనే. ఈ ఒక్క మాట ఇప్పటికీ నవ్వుతూ రాయలేను. ముద్ద దిగక, చివరికి పోయి ఆయన కాళ్లు పట్టుకున్నాను.

"మామా, నన్ను కొట్టు, తిట్టు. ఆసుపత్రికి మాత్రం పోదాం దా."

గోడ మీద నుంచి చూపు తిప్పాడు. "పోతాలే. నువ్వు మాత్రం రావద్దు."

ఆపరేషన్ బాగా జరిగింది. మామ ఆ తర్వాత కొన్నేళ్లు ఉన్నాడు. ఏ పెళ్లికి పోయినా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఈ కథే చెప్పేవాడు. "నా సావు నేను సూసినానప్పా. జనం బాగానే వచ్చినారు" అని నవ్వించేవాడు.

మొన్న చలికాలంలో నిద్రలోనే పోయాడు. నేను వెళ్లేసరికి ఇంటి ముందు మనుషులున్నారు గానీ, స్పీకరు చప్పుడు లేదు. అత్త నా చెయ్యి పట్టుకుని మామ పక్కన కూర్చోబెట్టింది.

"టేపు పెట్టొద్దన్నాడురా మీ మామ. 'వాడు ముద్దనూరు కాడ సగంలో నిలిపినాడు, మిగిలింది వాణ్ణే సదవమను' అన్నాడు."

చదివాను. శ్రుతి ఎక్కడా కుదరలేదు. వినివుంటే ఆ శాలువా ఇచ్చినవాళ్లు వెనక్కి పట్టుకుపోయేవాళ్లు.

అందుచేత అయ్యలారా, అమ్మలారా, గండి ఆంజనేయస్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బతికున్న మనిషి ముందు ఆ శ్లోకాలు మొదలుపెట్టను. పొరపాటున మొదలుపెట్టినా, చచ్చినా పూర్తి చెయ్యను. సగంలో ఆగినన్నాళ్లూ మా మామ ఉన్నాడు.