కాలువ ఆలస్యంగా వదిలిన ఏడాది

మా వైపు పునాదులు ఎండాకాలంలోనే తియ్యాలి. మిగతా కాలమంతా రెండడుగులు తవ్వితే నీళ్లే. ఏప్రిల్లో కాలువలకి నీళ్లు కట్టేశాక, పొలాలకి పారే బోదెలు ఎండుతాయి, భూమిలో నీరు కిందికి దిగుతుంది. మళ్లీ జూన్‌లో కాలువలు వదిలేలోపు కాంక్రీటు బెడ్డు పోసి, గోడ నేలమట్టానికి తెచ్చుకుంటే గట్టెక్కినట్టు. లేకపోతే గోతిలో ఇంజను పెట్టి నీళ్లు తోడుకుంటూ కూర్చోవాలి, లేదా మళ్లీ ఎండాకాలం దాకా ఆగాలి. అమలాపురంలో ఇల్లు కట్టుకునే అందరికీ తెలిసిన సంగతే. కాలువలు ఎప్పుడు కడతారో, ఎప్పుడు వదులుతారో ఏటా పేపరుకి రాసే నాకు ఇంకా బాగా తెలుసు.

అప్పటికి నేను ఒక దినపత్రికకి విలేకరిగా చేస్తున్నాను. తొంభైల చివరి మాట. పట్టణం చివర కొబ్బరితోట కొట్టేసి వేసిన ప్లాట్లలో ఐదు సెంట్లు కొనుక్కున్నాం. స్థలం వెనకే పంటబోదె. అది చూసి మా ఆవిడ నాలుగు అరటిపిలకలు వేసుకోవచ్చని సంతోషపడింది.

మూఢం వెళ్లేదాకా శంకుస్థాపనకి ముహూర్తం కుదరలేదు. ఇటుకలాయన రేపు, ఎల్లుండి అంటూ మూడు వారాలు తిప్పాడు. ఇనుము వచ్చింది గాని దాన్ని వంచి కట్టేవాడు చెల్లెలి పెళ్లికి వెళ్లి అక్కడే ఉండిపోయాడు. గోతులు తవ్వేసరికి మే సగం దాటింది. అద్దె ఇంటివాళ్లు మర్యాదగానే, "ఎంతవరకూ వచ్చిందండీ మీ ఇల్లు?" అని వారానికోసారి అడిగేవారు.

మా తాపీ మేస్త్రికి యాభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, మాట మెత్తన, పని శుభ్రం. ఒక్కటే లోపం, ఈ రోజు కనిపిస్తే రేపు కనిపించడు. మే ఆఖరి వారంలో వరసగా మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు పొద్దున్నే స్కూటరు తీసుకుని సముద్రం వైపున్న ఆయన ఊరు వెళ్లాను. కాలువ చిట్టచివరి ఊరు అది. మేస్త్రి పొలంలో ఉన్నారు. కౌలుకి చేస్తున్న ఎకరం చేను. లుంగీ ఎగ్గట్టి, నారు పోసే ఆకుమడికి పారతో గట్టు చెక్కుతున్నారు. నన్ను చూసి పార పక్కన పెట్టి లుంగీ దించుకున్నారు.

"ఇంతదూరం మీరెందుకండీ? కబురెడితే వద్దును కదండీ."

"మూడు కబుర్లు పెట్టాను."

"ఆయ్, అందేయండి."

నాకు ఒళ్లు మండింది. "మేస్త్రి గారూ, మీకు నా పునాది ముఖ్యమా, మీ ఆకుమడి ముఖ్యమా?"

ఆయన కాస్త ఆలోచించారు. నన్ను నొప్పించకుండా ఎలా చెప్పాలా అని ఆలోచించినట్టున్నారు. "ఆకుమడేనండి" అన్నారు. "మీ ఇల్లు ఎక్కడికీ పోదండి. దీనికి అదును తప్పితే ఇంకంతేనండి. వచ్చే వారం నీళ్లొదుల్తారంట కదా. మాకు చేరేసరికి ఇంకో వారం. విత్తనం జల్లేసి మీ దగ్గరే ఉంటానండి, చూడండి కావలిస్తే."

వచ్చే వారం నీళ్లు వదులుతారన్నది నిజమే. ఆ వార్త రాసింది నేనే.

వెనక్కి కాలువగట్టు మీదే వచ్చాను. దారిలో ఒక లాకు దగ్గర మరమ్మతులు సగంలో ఆగి ఉన్నాయి. సిమెంటు బస్తాలు గట్టు మీదే ఉన్నాయి, మనుషులు లేరు. ఇంకాస్త ముందు పూడిక తీసి కాలువలోనే కుప్ప పోసి వదిలేశారు. స్కూటరు ఆపి చూశాను. ఆ కుప్పలు అంతకు ముందు వారం కూడా అక్కడే ఉన్నాయి. అప్పుడు అవి నాకు వార్తలా కనిపించలేదు.

ఇంటికి రాగానే రాశాను. పనులు పూర్తి కాకుండా నీళ్లు వదిలితే మరమ్మతులకి పెట్టిన ఖర్చంతా కొట్టుకుపోతుందని, పది రోజులు ఆలస్యమైనా పనులు ముగించి వదలడమే రైతుకి మేలని. రైతుకి మేలన్న ముక్క ఏ రైతూ నాతో అనలేదు. మిగతాదాంట్లో ఒక్క అబద్ధం లేదు. చాలా ఏళ్లు ఆ మాట నాకు నేనే చెప్పుకున్నాను. ఆ సాయంత్రమే పత్రికాఫీసుకి కవరు రాజమండ్రి బస్సులో వేశాను. రెండో రోజు రెండు కాలమ్‌లలో వచ్చింది. నేను రాసినవాటిలో అంత చోటు దొరికినవి తక్కువ.

మా ఆవిడ కాఫీ తాగుతూ మొత్తం చదివింది. పేపరు మడిచి నా పక్కన పెట్టి, "మన పునాది గురించి బాగా రాశారు" అంది. ఆ తర్వాత తను ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ ఏడు కాలువలు పన్నెండు రోజులు ఆలస్యంగా వదిలారు. నా వార్త వల్లే అని చెప్పలేను. విలేకరి రాస్తే గోదావరి ఆగదు. కానీ కాలువల ఆఫీసులో పనిచేసే ఒకాయన తర్వాత కనిపించి, "మీ ఐటమ్ భలే పనికొచ్చిందండీ. కాంట్రాక్టర్లు ఆ కటింగు పట్టుకుని గడువు అడిగేరు" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

నాకు రెండు విధాల కలిసొచ్చింది. గోతులు పొడిగా ఉన్నాయి. నీళ్లు లేవు గనక మేస్త్రికి పొలంలో పని లేదు.

"ఏం చేస్తామండీ, మీ పనే చేసుకుందాం" అంటూ వచ్చారాయన. పొద్దున్నే వచ్చేవారు. పన్నెండు రోజులూ ఒక్క నాగా లేదు. బెడ్డు పోశారు, గోడ లేపారు. మధ్య మధ్య నడుం ఎత్తి, తాపీ చేతిలో పట్టుకుని, ఎండిపోయిన బోదెకేసి చూసేవారు.

"ఎప్పుడొదుల్తారంటండీ? మీకు తెలుస్తాయి కదా."

"పనులవ్వాలంట."

"ఎవరో పేపర్లో రాసేరంట కదండీ, ఇప్పుడే వదలొద్దని. మా ఊళ్లో అనుకుంటన్నారు. రాసినాయనకి ఎకరం చేనుంటే తెలిసేదండి."

నేను ఇటుకలు తడపడానికి బకెట్టు తీసుకుని బోరింగు దగ్గరికి వెళ్లాను. తడపవలసిన ఇటుకలు నిన్ననే తడిపి ఉన్నాయి. నీళ్లు పట్టుకుని, ఆయన మళ్లీ పనిలో పడేదాకా అక్కడే నిలబడ్డాను.

పునాది నేలమట్టానికి వచ్చిన మూడో రోజు మా వెనక బోదెలో నీళ్లు వచ్చాయి. మేస్త్రి ఊరికి చేరడానికి ఇంకో పది రోజులు పట్టింది. ఎగువవాళ్లు నారు పీకి ఊడ్పులు చేస్తుంటే ఆయన ఆకుమడిలో నారు ఇంకా బెత్తెడు లేవలేదు. ఎదురు చూడలేక ముందే ముంతతో తడిపి కాస్త విత్తనం జల్లితే అది మాడిపోయిందట. మళ్లీ జల్లారు. ఇదంతా ఆయన గోడ కడుతూ, ఎవరి పొలం సంగతో చెప్పినట్టు చెప్పేవారు.

కార్తీకంలో ముసురు పట్టింది. నాలుగు రోజులు విడవలేదు. అప్పటికి రోడ్డు వార ఊళ్లలో చాలామంది సార్వా పంట కోసి కుప్ప వేసుకున్నారు. కాలువ శివారులో చేలు ఇంకా నిలిచే ఉన్నాయి. వాన వెలిశాక నేను మళ్లీ ఆ ఊరు వెళ్లాను. ఎకరమూ ఒక్క వైపుకి పడిపోయి నీళ్లలో ఉంది. మేస్త్రి ఒక కంకి తీసి చూపించారు. గింజ మొలకెత్తింది.

"వారం ముందైతే కోసేసుందునండి" అన్నారు. ఆ తర్వాత కాస్త మొహమాటంగా, "మీరు ఓ ముక్క రాస్తారాండీ? నష్టం రాసుకునేవోళ్లు రోడ్డు మీద నుంచే పోతన్నారండి. పేపర్లో పడితే లోపలికొస్తారు" అన్నారు.

రాశాను. జాగ్రత్తగా రాశాను. వెయ్యలేదు. ఇంకో రకంగా రాసి పంపాను. వెయ్యలేదు. మూడోసారి రాసి పంపి ఆఫీసుకి ఫోను చేస్తే డెస్కులో ఉన్నాయన, "నీటిలో పడిన చేలు జిల్లా అంతా ఉన్నాయండీ, ఇందులో కొత్తేముంది?" అన్నాడు. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కొత్తదేదో నాకు తెలుసు. అది చెబితే వార్త అయ్యేది.

ఆ రోజుల్లో మేస్త్రి రోజూ పెందరాళే వచ్చేవారు. సైకిలు స్టాండు వేస్తూనే, "ఇవేళ పడిందాండీ?" అని అడిగేవారు.

"రేపు పడొచ్చు."

"ఆయ్."

ఎల్లుండి అనేవాణ్ణి, ఆదివారం అనేవాణ్ణి. ఇటుకలాయన నన్ను ఎలా తిప్పాడో తలుచుకుంటే, వాడి మీద పెట్టుకున్న కోపం ఎక్కడ దాచుకోవాలో తెలిసేది కాదు. రెండు వారాలకి మేస్త్రి అడగడం మానేశారు. అడగడం మానేసిన రోజు నాకు తేలికగా అనిపించింది. ఆ తేలిక గురించే ఇప్పటికీ ఎక్కువ సిగ్గుగా ఉంటుంది. నష్టం రాసుకునేవాళ్లు ఆ ఊరు లోపలికి వెళ్లలేదు. మరుసటి ఏడు ఆ ఎకరం ఇంకొకరికి కౌలుకి వెళ్లింది. మేస్త్రి ఇక నాగాలు పెట్టలేదు.

ఇల్లు పూర్తయ్యేసరికి ఇంకో ఏడాది పట్టింది. గృహప్రవేశం నాడు మేస్త్రికి బట్టలు పెట్టడం మా వైపు ఆనవాయితీ. పీట వేసి కూర్చోబెట్టాం. మా ఆవిడ పళ్లెంలో పంచెల చాపు, చొక్కాగుడ్డ, తాంబూలం పట్టుకుని నా పక్కన నిలబడింది. చుట్టూ బంధువులు, ఇద్దరు ముగ్గురు తోటి విలేకరులు. ఆ సందట్లో ఎవరో, "మేస్త్రి గారూ, పేపరువాళ్లతో పని ఎలా ఉంది?" అని సరదాగా అడిగారు.

మేస్త్రి సర్దుకుని కూర్చున్నారు. "ఈ బాబుగారు నా చేను గురించి మూడుసార్లు రాసేరండి. ఆళ్లు వెయ్యలేదనుకోండి, ఈయనేం చేస్తారు? మనకోసం అన్నిసార్లు ఎవరు రాస్తారండీ?"

అందరూ నావైపు మెచ్చుకోలుగా చూశారు. నీళ్లు వదలొద్దని రాసింది నేనేనని చెప్పాలి. ఒక్క వాక్యం. నా వృత్తే వాక్యాలు రాయడం. మా ఆవిడ నా మొహంలోకి చూస్తూ కాసేపు ఆగింది. ఇంత మందిలోనూ తను ఆగింది నాకోసమేనని నాకు తెలుసు. తర్వాత పళ్లెం ముందుకు జరిపి, మెల్లగా, "ఇవ్వండి" అంది.

ఇచ్చాను. ఆయన రెండు చేతులతో అందుకుని కళ్లకి అద్దుకున్నారు.