మా డ్రాయింగు మాస్టారు తీసిన సినిమా

మా డ్రాయింగు మాస్టారు పోయారు. మొన్న ఉదయం జగ్గయ్యపేట నుంచి వాళ్ళమ్మాయి ఫోను చేసి, "నిద్రలోనే వెళ్ళిపోయారు పిన్నిగారూ, బాధేం పడలేదు" అని చెప్పింది. ఆ తర్వాత చాలాసేపు ఏ పనీ ముట్టుకోలేకపోయాను. నిజానికి ఆయన నాకు చదువు చెప్పలేదు. నందిగామ హైస్కూల్లో ఆయన బొమ్మలు, నేను తెలుగు చెప్పేవాళ్ళం. అయినా మాస్టారు అనే మాట వింటే నాకు ముందు గుర్తొచ్చేది ఆయనే.

డెబ్బైల్లో నేను ఆ బళ్ళో చేరేసరికి ఆయన జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో వచ్చిపోతుండేవారు. తెల్ల చొక్కా, జేబులో పెన్నుకు బదులు పెన్సిలు ముక్క. వయసులో ఉండగా మద్రాసు వెళ్ళి, కొన్నేళ్ళు సినిమాల్లో కెమెరా అసిస్టెంటుగా పనిచేశారట. తండ్రికి పక్షవాతం వచ్చిందని తిరిగొచ్చి, ఇక మళ్ళీ వెళ్ళలేదు. ఆ రోజుల గురించి అడిగితే ఒక్క సంగతే చెప్పేవారు. "నేను పనిచేసిన సినిమా పేటలో ఆడితే మా నాన్న వెళ్ళి చూశాడండి. నీ పేరెక్కడా వెయ్యలేదేంట్రా అన్నాడు. పేరు లేదు గానీ నాన్నా, అందులో వాన నేనే కురిపించా అన్నా." రబ్బరు గొట్టం పట్టుకుని మేడ మీద నిలబడి నీళ్ళు చల్లినది ఆయనేనట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో నామోషీ ఏమీ ఉండేది కాదు, గర్వమే ఉండేది.

క్లాసులో ఆయన పద్ధతి వేరు. "పుస్తకంలో వంకాయ వద్దు, మీ ఇంట్లో వంకాయ గీసుకురండి" అనేవారు. ఒకమ్మాయి పుచ్చు రంధ్రంతో సహా గీసుకొస్తే ఆ కాగితం పట్టుకుని బెంచీ బెంచీకీ తిరిగారు. "చూశారా, ఈ పిల్ల వంకాయని నిజంగా చూసింది" అని.

మద్రాసు నుంచి వస్తూ ఆయన ఒక పాత కెమెరా తెచ్చుకున్నారు. శబ్దం ఎక్కదు, బొమ్మ మాత్రమే. ఆ కెమెరాతో ఆయన చేసిన పని ఒకటి చెప్పాలి.

నందిగామలో కొందరు పెద్దలు ఏటా కంటి శిబిరం పెట్టేవాళ్ళు. శుక్లాలు తీయించుకోవడానికి వత్సవాయి వైపు పల్లెల నుంచి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఎక్కడో ఎవరికో ఆపరేషను తర్వాత కన్ను పోయిందని పుకారు. ముసలివాళ్ళు గోడలు తడుముకుంటూ బతికేవాళ్ళే తప్ప శిబిరం గడప తొక్కేవాళ్ళు కాదు. సినిమా తీసి చూపిస్తే నమ్ముతారని మాస్టారు శిబిరం కమిటీ వాళ్ళను ఒప్పించారు. మాటల్లేని సినిమా కాబట్టి, అది ఆడుతుంటే మైకులో కథ చెప్పే పని నాది.

మా బడి దగ్గర జట్కా తోలే మస్తాను తల్లి బీబమ్మకు రెండు కళ్ళూ మసకబారాయి. మాస్టారూ, నేనూ వాళ్ళింటికి వెళ్ళాం. ఆవిడ మంచం మీద కూర్చుని ఆపరేషను సంగతీ, సినిమా సంగతీ అంతా విని, "నాకు చూపు రాకపోతేనో?" అంది.

"రాకపోతే రాలేదనే చూపిస్తానమ్మా" అన్నారు మాస్టారు.

"అట్టయితేనే వస్తా. అబద్ధం చెప్పి ఇంకో ముసల్దాన్ని పిలవమాక."

ఆపరేషను అయింది. కట్టు విప్పే రోజు మాస్టారు కెమెరా పట్టుకుని నిలబడ్డారు. బీబమ్మ కళ్ళు చికిలించి, "అంతా పొగలాగుందయ్యా" అంది. అద్దాలు వస్తే బాగుంటుందన్నాడు డాక్టరు. పక్కనున్న కమిటీ పెద్దాయన మాస్టారి చెవి దగ్గరికి వచ్చి, "ఒక్కసారి నవ్వమనండి, చాలు. మీ సినిమాలో మాటలు వినపడవుగా" అన్నాడు.

మాస్టారు కెమెరా దించారు. "రాని నవ్వు తెప్పించే పని మద్రాసులో చేసొచ్చానండి. ఇక్కడ చెయ్యలేను. ఆవిడకి మాటిచ్చా."

పెద్దాయనకు కోపం వచ్చింది. హెడ్మాస్టరు దాకా వెళ్ళాడు. ఊరి పెద్దలతో గొడవలెందుకని హెడ్మాస్టరు మందలిస్తే మాస్టారు తలొంచుకుని విన్నారు. మరుసటి ఏడు శిబిరం దగ్గరపడుతున్నా సినిమా సగంలోనే ఉంది. ఆయన ఆదివారం ఆదివారం పేట నుంచి వచ్చి, బీబమ్మ గుమ్మంలో కూర్చుని టీ తాగి వెళ్ళేవారు.

ఎట్టకేలకు అద్దాలు వచ్చాక ఒక ఆదివారం నేనూ వెళ్ళాను. కోడలు చేటలో బియ్యం పోసుకుని అరుగు మీద కూర్చుంది. బీబమ్మ వచ్చి చేట లాక్కుంది. కోడలు వద్దనబోతే, "ఉండవే, నేను చూస్తన్నాగా" అంది. రాళ్ళు మిగిలిపోతున్నాయని ఏళ్ళ తరబడి ఆవిడ చేతికి చేట ఇవ్వలేదట. లావుపాటి అద్దాల వెనక నుంచి చూస్తూ ఒక రాయి తీసింది. దాన్ని ముఖం దగ్గర పెట్టుకుని చూసి, వాకిట్లోకి విసిరింది. మళ్ళీ ఇంకోటి. మాస్టారు కెమెరా కదలనివ్వకుండా, రీలు అయిపోయేదాకా తీశారు.

పంచాయతీ సమితి ఆఫీసు ప్రొజెక్టరు అడిగి తీసుకుని, వత్సవాయి దగ్గరి ఒక పల్లెలో పొద్దుగూకాక బడి గోడ మీద ఆ సినిమా వేశాం. బీబమ్మ భయం, ఆపరేషను, "పొగలాగుంది" అన్న మాట, అన్నీ ఉన్నట్టే చెప్పాను. చేట దగ్గరికి వచ్చేసరికి మాస్టారు మైకు మీద చెయ్యి పెట్టి, "ఇక్కడ మీరేం చెప్పొద్దమ్మా" అన్నారు. గోడ మీద ఆ ముసలి వేళ్ళు మెల్లగా కదులుతున్నాయి. జనంలో ఒకావిడ, "రాయి కనపడింది ఆమెకి" అంది. ఆ మాట వెనక్కి వెనక్కి పాకింది. "మాయమ్మని కూడా తీసుకుపోదాం" అన్నారెవరో చీకట్లోంచి.

ఆ ఏడు శిబిరంలో వరండాలు కూడా చాలలేదు. కమిటీ పెద్దాయన క్షమించమని అడగలేదు గానీ, ఆ తర్వాత ఎప్పుడు ఏ పల్లెకు వెళ్ళినా ప్రొజెక్టరు పెట్టె బస్సు దాకా తనే మోసేవాడు.

ఎనభైల్లో మాస్టారు బడి పిల్లలతో కలిసి ఇంకొన్ని తీశారు. నీళ్ళు కాచి తాగమని ఒకటి, ఆడపిల్లల్ని బడి మాన్పించవద్దని ఒకటి. వీడియోలు వచ్చాక ఆ గోడ సినిమాలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. ఆయన నొచ్చుకోలేదు. "మన పని అయింది లెండి" అని వంకాయలు గీయించుకుంటూ రిటైరయ్యారు.

కిందటి వేసవిలో చూడటానికి పేట వెళ్ళాను. మంచం కిటికీ పక్కన వేశారు. మాట సన్నబడింది. కాసేపు కబుర్లు చెప్పాక, "కాస్త పక్కకి జరగండమ్మా" అన్నారు. ఏం కావాలో తెలియక కుర్చీ జరిపాను. నేను అడ్డు తొలగిన కిటికీలోంచి చూస్తే, పెరట్లో ఆయన భార్య తలంటుకుని, నెరిసిన జుట్టు ఆరబెట్టుకుంటోంది. వంగి ముడి వేసుకుంటుంటే ఎండ ఆ జుట్టు మీద పడి వెండిలా వెలుగుతోంది. మేమిద్దరం చూస్తున్న సంగతి ఆవిడకు తెలియదు. మాస్టారు రెప్ప వెయ్యకుండా చూస్తూనే ఉన్నారు.