గాలికి చోటివ్వని బాబాయి

పెట్టె బాబాయికి లోకంలో ఒకే ఒక్క శత్రువు, గాలి. పీల్చుకునే గాలితో ఆయనకు పేచీ లేదు. పెట్టెలో సామాన్ల మధ్య దూరి దర్జాగా ప్రయాణం చేసే గాలి మీదే ఆయన కోపమంతా. విమానం ఎక్కేటప్పుడు చేతిపెట్టె తప్ప మరొకటి తీసుకెళ్ళడం ఆయన లెక్కలో చేతకానితనం. "మనం టిక్కెట్టు కొనుక్కున్నాం. గాలి కొనుక్కుందా?" అని అడుగుతాడు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పి గెలిచినవాళ్ళు ఇంతవరకు లేరు.

ఉద్యోగమంతా పార్సిలాఫీసులో చేశాడు. లారీలో ఒక మూల ఖాళీగా మిగిలితే ఆ పూట ఆయనకు అన్నం సయించేది కాదు. రిటైరయ్యాక లారీలు పోయాయి గాని మూలలు మనసులో ఉండిపోయాయి. బంధువులందరికీ ఆయన పెట్టె బాబాయే. వరసతో పనిలేదు, సొంత అన్నగారు కూడా అలాగే పిలుస్తాడు.

ఆయన పద్ధతిలో బూట్లలో మేజోళ్ళు, మేజోళ్ళలో సబ్బుపెట్టె ఉంటాయి. పళ్ళ బ్రష్షుకి అంత పిడి దేనికని సగానికి కోసేస్తాడు. చొక్కాలు మడవడు, చుడతాడు. ఇంట్లో మిషను పెట్టుకుని ఊరివాళ్ళ బట్టలు కుట్టే పిన్ని, పరాయి ఊళ్ళో దిగాక దువ్వెన కోసం పెట్టంతా తిరగేస్తే అది గొడుగు మడతల్లో దొరికేది. "పెళ్ళిచూపుల్లో అన్నీ అడిగాం, ఈ ఒక్కటీ అడగలేదు" అని నవ్వుతూనే నిట్టూర్చేది పాపం.

తన పెట్టెతో ఊరుకుంటే బాగానే ఉండేది. ఒకసారి కూతురి మామగారు, అంటే సాక్షాత్తూ వియ్యంకుడు, చుట్టపుచూపుగా వచ్చి తిరుగు ప్రయాణమయ్యాడు. ఆయన స్నానానికి వెళ్ళిన సందు చూసుకుని బాబాయి ఆయన రెండు పెట్టెల్నీ విప్పి ఒక్క పెట్టెలో సర్దేశాడు. మర్నాడు వియ్యంకుడి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. ఇంటినిండా అతిథులట, భోజనాలకి పిలుస్తున్నారట, మాట మాత్రం తొస్సిపోతోంది.

"బావగారూ, నా పళ్ళసెట్టు ఎక్కడ పెట్టారు?"

"కుడి బూటు తీయండి బావగారూ. అందులో మఫ్లరు, మఫ్లరు లోపల డబ్బా. పళ్ళు క్షేమంగా ఉన్నాయి."

"నా కళ్ళజోడు కూడా కనపడ్డం లేదు, బూటు ఎలా వెతకను?"

"అది ఎడమ బూటులో ఉంది."

పిన్నికి తల కొట్టేసినంత పనైంది. బాబాయి మాత్రం రెండు పెట్టెలు ఒకటైన సంగతి వియ్యంకుడి నోట రాలేదేమని వారం రోజులు నొచ్చుకున్నాడు.

ఇలా ఉండగా పిన్ని బొంత సంగతి వచ్చింది. ఎక్కడికి వెళ్ళినా అక్కడి దర్జీ దుకాణాల్లో మిగిలిన ముక్కలు అడిగి మూటకట్టుకుని తెచ్చుకోవడం పిన్నికి అలవాటు. ఆ ముక్కలతో ఏళ్ళ తరబడి ఒక బొంత కుట్టింది. అది మంచమంత బొంత కాదు, గోడంత బొంత. ఒక అంచున ముదురు నీలం, రాను రాను లేతబడి అవతలి అంచుకి తెల్లగా తెల్లవారినట్టుంటుంది. కూతురు దాన్ని ఫొటో తీసి దూర నగరంలో జరిగే చేతిపనుల ప్రదర్శనకు పంపితే ఎంపికైంది. జీవితమంతా పరాయివాళ్ళ కొలతలకు కుట్టిన మనిషి ఆవిడ. చొక్కా బాగుందని మెచ్చుకునేవాళ్ళు కుట్టిందెవరని అడగరు. అలాంటిది మొదటిసారి గోడ మీద, తన పనికింద తన పేరు ఉండబోతోంది. కాకపోతే ప్రదర్శనవాళ్ళు ఒక షరతు పెట్టారు. మొదలయ్యే రోజు పొద్దున్నే స్వయంగా తెచ్చి ఇవ్వాలి, నలిగినదాన్ని గోడకెక్కించరు.

పెద్దపెట్టెలో పెట్టి విమానంవాళ్ళకి అప్పజెబుదామని పిన్ని అంది. "చెయ్యి వదిలిన సామాను దేవుడి సామాను" అని బాబాయి కొట్టిపారేశాడు. అప్పుడు కూతురు ఒక కొత్తరకం ప్లాస్టిక్ సంచి పట్టుకొచ్చింది. అందులో బొంత పెట్టి మిషనుతో గాలంతా లాగేస్తే పలకలా అణిగిపోతుందట. ఇక బాబాయి ఎగిరి గంతేస్తాడనుకున్నారు అందరూ. బాబాయి సంచిని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేశాడు.

"వద్దమ్మా. కుట్టు నలుగుతుంది. బొంతకి గాలాడాలి."

కూతురు వచ్చి తండ్రి నుదుటి మీద చెయ్యి వేసి జ్వరమేమో చూసింది.

ప్రయాణంనాటికి చెరో చేతిపెట్టె సిద్ధం. పిన్ని పెట్టెలో ఆవిడ మంచి బట్టలు రెండు జతలు, ఫొటోలు తీస్తారని ఇంకో జత, అన్నిటికంటే పైన దువ్వెన. బొంత బాబాయి పెట్టెలో ఉంది. విమానాశ్రయంలో బాబాయి కారులోంచి దిగలేక దిగాడు. రాత్రికి రాత్రే ఒళ్ళు చేసినట్టున్నాడు. చేతులు పక్కకి ఆనడం లేదు, మెడ తిరగడం లేదు. వాపులేమోనని పిన్ని కంగారుపడింది. "పద పద" అని ఆయన ముందుకు నడిచాడు. పెట్టె తూకం ముల్లు గీత దాకా వెళ్ళి, గీత దాటకుండా ఆగింది. ఇక అందులో చేతిరుమాలు కూడా వెయ్యడానికి లేదు.

తనిఖీ దగ్గర కోటు తీయమన్నారు, తీశాడు. కోటు కింద స్వెట్టరు, దాని కింద చొక్కా, చొక్కా కింద ఇంకో చొక్కా, దాని కింద పడుకునేటప్పుడు వేసుకునే చొక్కా. జేబుల్లోంచి మేజోళ్ళు, తువ్వాలు, పిడిలేని బ్రష్షు వరసగా బయటికొచ్చాయి. తనిఖీ చేసే కుర్రాడు ఓపిగ్గా ట్రేలు అందిస్తూ, ఇంకా ఉన్నాయా సార్ అని మర్యాదగా అడిగాడు. అయిపోవచ్చాయి బాబూ అన్నాడు బాబాయి. వెనక వరసలో జనం నవ్వు ఆపుకోలేకపోతున్నారు.

"మీ బట్టలు పెట్టెలో పెట్టుకోలేదా?" అంది పిన్ని.

"పెట్టెలో నీ బొంత ఉంది కదే."

"పక్కన ఒక్క చొక్కాకైనా చోటు లేకపోయిందా?"

"చోటుకేం, ఉంది. అది గాలికి ఉంచాను."

పిన్నికి పాత ప్రయాణాలన్నీ గుర్తొచ్చాయి. ఎన్నో ఊళ్ళు తిరిగారు. వెళ్ళేటప్పుడు సూది మోపే సందు లేని పెట్టెలో, తిరిగొచ్చేటప్పుడు తన ముక్కల మూటకి మాత్రం ఎలాగో చోటు దొరికేది. అది ఆయన పనితనమనే అనుకుంది. ఏ ఊరు వెళ్ళినా ఏదో ఒకటి మరిచిపోయి వస్తాడని చీవాట్లు కూడా పెట్టింది. ఒకసారి దుప్పటి, ఒకసారి కొత్త చెప్పులు. వియ్యంకుడి పళ్ళు ఏ బూటులో ఉన్నాయో అప్పజెప్పిన మనిషి తన చెప్పులు ఎలా మరిచిపోతాడు? ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న తనకు తట్టనే లేదు. ఆయన వదిలేసి వచ్చిన వస్తువులన్నిటి చోట్లలో తన బొంత కొంచెం కొంచెంగా ఇంటికి చేరింది.

పిన్ని ట్రేల్లోంచి చొక్కాలు తీసి, ఏది లోపలిదో ఏది పైదో చూసి ఒక్కొక్కటే తొడిగింది. గుండీలన్నీ తనే పెట్టింది. నవ్వుతున్న వరస వైపు తిరిగి, ఎవరూ అడక్కుండానే, "మా ఆయన. నేను కుట్టిన బొంతని ప్రదర్శనకి తీసుకెళ్తున్నారు" అని చెప్పింది. ఆ గొంతులో అంత గర్వం బాబాయి ఎన్నడూ వినలేదు. వెనక ఒక పెద్దాయన తన కోటు విప్పుకుంటూ బాబాయికి నమస్కారం పెట్టాడు.

బొంత గోడకెక్కింది. వెతికినా ఒక్క ముడత లేదు. ప్రదర్శన చూసుకునే ఆవిడ, దీన్ని ఎలా తెచ్చారో మిగతావాళ్ళకి కూడా చెప్పమంటే బాబాయి చెప్పబోయి, తలెత్తి గోడను చూసి ఆగిపోయాడు. ఇన్నేళ్ళూ దాన్ని ముక్కలుగా, మూటలుగా చూశాడే గాని నిలువునా పరిచి చూడలేదు. "ఇంత చేశావా!" అన్నాడు చివరికి. పిన్నికి ఆ మాటే బహుమతి.

అసలు బహుమతి కూడా వచ్చింది. మొదటిది కాదు, రెండోది. నిలువెత్తు ఇత్తడి కప్పు, రెండు చెవులతో. వేదిక మీద తీసిన ఫొటో ఇప్పుడు వాళ్ళ ముందుగదిలో ఉంది. అందులో పిన్ని మంచి బట్టల్లో తల ఎత్తుకుని నవ్వుతోంది. పక్కన తల కప్పులోకి దూర్చిన మనిషి ఒకడు కనిపిస్తాడు.

ఆయనెవరని చూసినవాళ్ళు అడుగుతారు.

"మా ఆయనే" అంటుంది పిన్ని, "లోపల ఎన్ని చొక్కాలు పడతాయో చూస్తున్నారు."