జింక కోసం మూడు మడులు

నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. ఆ ఏడాది మరీను. రెండు వేల సంవత్సరం వచ్చేలోపు పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలన్నీ నాలుగంకెలు చేసేయాలని మమ్మల్ని సింగపూర్ తెచ్చి కూర్చోబెట్టారు. పేజర్ మోగకపోయినా మోగినట్టే ఉండేది. చోవా చూ కాంగ్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్‌కు చేరాక కూడా కాలుకాలిన పిల్లిలా హాలుకూ వంటింటికీ మధ్య తిరిగేవాణ్ణి. నోటికీ అదే జబ్బు. ఇదంతా ఆ నోటి వల్లే వచ్చింది.

మా ఆవిడ నా మేనమామ కూతురు. ఇద్దరిదీ అనంతపురం వైపే. ఆగస్టులో ఒక ఉదయం వంటింటి కిటికీలోంచి వెదురు గడకు బట్టలు ఆరేస్తూ, బ్లాకు వెనక అడవి అంచున జింకను చూశానంది.

“జింకే బావా! ఇంత ఎత్తుండాది. నా దిక్కే చూసింది.”

“కుక్కయ్యుంటుందిలే,” అన్నాను. అక్కడితో ఆగానా? ఆ శనివారం ఆంగ్ మో కియోలో ఆఫీసు మిత్రుడింటికి భోజనానికి పోయాం. పదిమంది ముందు, “మా ఇంటికి రండి, జూకు పోయే పనే లేదు. మా ఆవిడకు పొద్దున్నే జింకలు కనిపిస్తాయి. రేపో మాపో ఏనుగు కూడా వస్తుంది,” అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. ఒక ఆంటీ, “పాపం, ఇంటి మీద బెంగేమో,” అని ఆమె భుజం తట్టింది. ఆమె పెరుగన్నం కలుపుతూ తలెత్తలేదు.

తిరుగు రైల్లో అంది: “దీపావళికి మా అమ్మోళ్లింటికి పోతా. టికెట్ తీయి. మళ్లా వచ్చేదీ లేనిదీ ఆడికి పోయినాక చెప్తా.”

ఆ తర్వాత మాటల్లేవు. అన్నం పెట్టనా, తాళం తీసుకున్నావా, అంతే. నాకు పిచ్చెక్కిపోయింది. ఆ జింకను రప్పించి, ఆమె మాట నిజమని ఒప్పుకుంటే తప్ప ఆమె ఆగదని నాకు నేనే తీర్మానించుకున్నాను.

జింకలు ఏం తింటాయో నన్నడగాలి. మా నాన్న వేరుశెనగ చేలో డబ్బా వాయిస్తూ వాటిని తరిమి పెరిగినవాణ్ణి. పిలవడం మాత్రం అదే మొదలు. బ్లాకు వెనక ఖాళీ నేలలో ఒక చైనా అంకుల్ చిలగడదుంప తీగలు పెంచేవాడు. ఆయన్ని పార అడిగి తీసుకుని అడవి అంచున మూడు చిన్న మడులు కట్టాను. లిటిల్ ఇండియాలో కొన్న అలసందలు ఒకదాంట్లో, ఉలవలు ఒకదాంట్లో, వేరుశెనగ ఒకదాంట్లో వేశాను. అక్కడి వానలకు ఉలవ కుళ్లిపోయింది. మళ్లీ అందులోనే ఉలవలు చల్లబోతే అంకుల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“సేమ్ ప్లేస్ సేమ్ థింగ్ క్యానాట్ లా. సాయిల్ టైర్డ్.”

సరేనని అక్కడ తోటకూర చల్లాను. ఒక మడి ముదిరేసరికి ఇంకోటి లేతగా ఉండేట్టు పంట మారుస్తూ వచ్చాను. ఆఫీసుకు ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి పరుగు. ఎవరైనా వచ్చి ఇదేమిటని నిలదీస్తారేమోనని ఒక భయం, దీపావళి ముంచుకొస్తోందని ఇంకో భయం. మొక్కలు జానెడు లేవగానే, పెట్టెలోంచి ఆమె పాత చీరలు రెండు తీసి, చుట్టూ పుల్లలు పాతి కట్టేశాను. మొలకెత్తిన చేనుకు చీర కట్టడం మా వైపు చేతులకు అలవాటైన పని. ఆలోచించనే లేదు.

మూడు వారాలు గడిచాయి. జింక కాదు కదా, పిల్లి కూడా రాలేదు. రోజూ తెల్లవారకముందే లేచి కిటికీ దగ్గర నిలబడేవాణ్ణి. ఆమె నిజంగా చూసిందా అని మళ్లీ అనుమానం కూడా వచ్చింది. సిగ్గులేని బుర్ర!

ఒక ఉదయం ఆమె బట్టలు ఆరేస్తూ ఆగిపోయింది.

“కింద ఉండేవి నా చీరలేనా?”

“ఊఁ. పాతవేలే.”

“ఆడేం చేస్తాండావు బావా?”

“జింక వస్తుందని మడులు వేశాను,” అని చెప్పేశాను. ఆమె నా వైపూ కిందికీ మార్చి మార్చి చూసి, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

“మనోళ్లు చీరలు కట్టేది జింకలు రాకుండా కదబ్బా! రమ్మని మేత ఏసి, పొమ్మని చీర కడ్తివా?”

లిఫ్ట్ కోసం కూడా ఆగకుండా మెట్ల మీద పరుగెత్తి చీరలు పీకేశాను. రెండు నెలల తర్వాత నవ్వింది కదా, ఇక గెలిచానులే అనుకున్నాను.

ఐదో రోజు తెల్లవారుతుండగా వచ్చింది. పొదల్లోంచి మెల్లగా బయటికొచ్చి అలసంద మడిలో తల వంచింది. ఆమె చెప్పినంత ఎత్తే. ఆమెను లేపి, చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కొచ్చాను.

“చూడు! నువ్వు చెప్పింది నిజమే! జింకే!”

ఆమె ఒక్కసారి కిందికి చూసి, నా వైపు తిరిగింది.

“నిజమని నాకు ఆ పొద్దే తెల్సు. నేను చెప్తే నీకు చాల్లేదు, జింక వచ్చి సాక్ష్యం చెప్పాల్సొచ్చింది.” కోపం లేకుండానే అడిగింది: “రేపు ఇంకేమన్నా చూసినానంటే ఏం నాటుతావు బావా?”

దీపావళికి రెండు రోజుల ముందు ఆమెను విమానం ఎక్కించి ఇంటికొచ్చాను.