బాపు ఒక్కడే పోయే మీటింగ్

మా బాపు మందు మానేసి ఏడాది నిండింది. వచ్చే ఆదివారం అక్క తన బిడ్డను మా ఇంటికి పంపుతోంది, రాత్రికి కూడా ఉంచుతుందట. ముందు ఈ మాట చెప్పేస్తే గానీ నాకు నిలకడ లేదు. ఇక మిగతాది నెమ్మదిగా చెబుతాను.

పాపను ఉయ్యాలలో వేసిన రోజు బాపు తూలుతూ వచ్చి, ఆ ఉయ్యాల పట్టుకునే పడబోయాడు. అక్క అరవలేదు. "ఏడాది తాగకుండ ఉండు బాపూ. గప్పుడు నా బిడ్డను నీ ఇంటికి తోల్కొస్త" అని పాపను ఎత్తుకుని ఆటో ఎక్కింది.

మా ఉప్పుగూడ ఇంట్లో డిగ్రీ పాసైంది నేనొక్కదాన్నే. ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పుపడితే నేనే, కరెంటోళ్లతో మాట్లాడాలంటే నేనే. కాబట్టి బాపు చేత మందు మాన్పించే పని కూడా నాదే అనుకున్నాను. ఫోన్‌లో వెతికితే, తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చునే మీటింగులు శాలిబండలోనే జరుగుతున్నాయని తెలిసింది. నంబరు కొట్టాను. ఒక పెద్దాయన ఎత్తారు. నేను సగం ఇంగ్లీషులో వివరాలన్నీ చెప్పుకుపోతుంటే ఆయన మెల్లగా ఆపారు.

"తాగేది ఎవరమ్మా?"

"మా బాపు, అంకుల్."

"మరి ఫోన్ బాపుకియ్యి బిడ్డా."

గేట్లకు వెల్డింగ్ చేసే మా బాపు ఆ ఫోన్‌ను కాలిన ఇనుములా పట్టుకున్నాడు. "ఏమేం కాయితాలు తేవాలె సార్?"

"ఏమొద్దన్నా. పేరు చెప్పకున్నా నడుస్తది. మానాలని ఉంటే చాలు."

బాపు నమ్మలేదు. మేమూ నమ్మలేదు. కాయితం అడగని చోటు మా ఇంట్లో ఎవరూ చూడలేదు. శనివారం సాయంత్రం నేను జిరాక్సులు, ఫోటోలు ఉన్న ఫైలు పట్టుకున్నాను. అమ్మ పట్టుచీర కట్టి పులిహోర డబ్బా సర్దింది. మా మేనమామ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నలుగురం ఒకే ఆటోలో, పెళ్లిచూపులకు పోతున్నట్టు బయల్దేరాం.

మీటింగ్ ఒక స్కూల్ గదిలో. తలుపు దగ్గర తెల్ల కుర్తా వేసుకున్న ఒకాయన నిలబడి ఉన్నాడు. షేర్ ఆటో నడుపుతాడని తర్వాత తెలిసింది. మమ్మల్ని చూసి నవ్వు ఆపుకున్నాడు.

"బరాత్ తెచ్చిన్రా అమ్మా? ఇది తాగెటోళ్ల మీటింగ్. ఆయనొక్కడే లోపలికొస్తడు."

"మా తమ్ముడు గూడ తాగుతడు భాయ్" అంది అమ్మ.

"అయితే ఆయన గూడ రావచ్చు."

మామ అప్పటికే పాన్ డబ్బా వైపు నడక అందుకున్నాడు.

గంట తర్వాత బాపు బయటికొచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది. ఇల్లు చేరగానే నన్ను నిలదీశాడు.

"ఫోన్ల అంతా చెప్పినవా వాళ్లకు?"

"ఏం చెప్పిన బాపూ?"

"సజ్జ మీద సీసా దాచుడు, దోస్తు సచ్చిండని పని ఎగ్గొట్టుడు. ఒక్కొక్కడు లేచి నా కథే చెప్తున్నడు."

ఒట్టేసినా నమ్మలేదు. చెప్పిందెవరో పట్టుకుంటానని వచ్చే శనివారం మళ్లీ వెళ్లాడు. ఆ తర్వాతి వారమూ వెళ్లాడు. ఎవరూ దొరకలేదు. కొన్నాళ్లకు వెతకడం మానేసి, అందరికంటే ముందు వెళ్లి కుర్చీలు వేయడం మొదలుపెట్టాడు.

బోనాలకు దెబ్బ పడింది. అమ్మవారికి సాక పోయగా మిగిలిన కల్లు తాగేశాడు. అది మందు కాదు, ప్రసాదమని మాతో లొల్లి. ఆ వాదనే మీటింగ్‌కు మోసుకుపోతే, షేర్ ఆటో భాయ్ ఒక్కటే అడిగాడట: "అమ్మవారు ఒక్క గిలాస ఇచ్చింది భాయ్. తక్కినయి ఎవరిచ్చిన్రు?"

ఇంటికొచ్చి బాపు అక్కకు ఫోన్ చేశాడు. "బిడ్డా, నా లెక్క మళ్ల మొదటికొచ్చింది."

అక్క ఫోన్ పెట్టేస్తుందనుకున్నాం. "దాచకుండ చెప్పినవు గదా. కానియ్యి" అంది.

ఈ ఏడు బోనాలకు సాక పోసే పని మామకు అప్పజెప్పి, బాపు ఆ సాయంత్రమంతా స్కూల్ గదిలో కూర్చున్నాడు.

నిన్న జరిగింది ఏడాది నిండినవాళ్ల మీటింగ్. దానికి ఇంటివాళ్లను కూడా రానిస్తారు. బాపు లేచి పేరు చెప్పి, "నేను తాగుబోతును" అన్నాడు. "గా సంగతి మాకెర్కనే" అని అమ్మ గొణిగితే గదంతా నవ్వింది. భాయ్ బాపు చేతిలో ఏడాది నిండిన గుర్తుగా ఒక ఇత్తడి బిళ్ల పెట్టి కావలించుకున్నాడు. వెనక వరుసలో కూర్చున్న అక్క, మీటింగ్ అయ్యాక పాపను తెచ్చి బాపు చేతికిచ్చింది.

"ఆదివారం తోల్కపో. పండేటప్పుడు పాలు చల్లార్చి ఇయ్యాలె."

"ఎంత చల్లార్చాలె?" అని అడిగాడు బాపు. అక్క చెబుతుంటే, వేలు ముంచి చూసినట్టు గాలిలో వేలు ఆడిస్తూ విన్నాడు.

నా డిగ్రీ రిజల్టు వచ్చిన రోజు కూడా ఇన్ని ఫోన్లు చేయలేదు. పొద్దున్నుంచి చేస్తూనే ఉన్నా ఇంకా మిగిలారు. నానమ్మ, ఆమెకు సరిగా వినబడదు కాబట్టి పక్కింటామె ఫోన్‌కు చేయాలి. వెల్డింగ్ షాపు సేటు, రెండుసార్లు చేసినా ఎత్తలేదు. కాలేజీలో మా ఎకనామిక్స్ మేడం. బాపును ఫంక్షన్లకు పిలవడం మానేసిన చిన్నత్త. పాలాయన, ఆదివారం ఒక ప్యాకెట్ ఎక్కువ వేయమని.